డిష్షుకు పెట్టిన బొట్టు

మా ఆయన హేమంత్‌కుమార్ బెంగుళూరు శివారు బొమ్మసంద్రలో పంపుసెట్లు చేసే కంపెనీలో పనిచేస్తాడు. తయారై వచ్చిన సరుకును అటు తిప్పి ఇటు తిప్పి, కళ్ళద్దాలు పైకి తోసి కిందికి దించి, చివరికి "ఇది పనికిరాదు" అని చెప్పడం ఆయన ఉద్యోగం. అక్కడ వద్దన్నందుకు జీతమిస్తారు. ఇంట్లో మాత్రం ఉచితంగానే వద్దంటాడు.

మా ఇంటికి మిక్సీ కొనాలనుకున్నప్పుడు ఆయన ఒకటి ఎంపిక చేశాడు. చేసి, దుకాణానికి వెళ్ళేసరికి దాన్ని తయారుచేసే కంపెనీయే మూతపడింది. పరుపు ఎంపిక అయ్యేంతవరకూ చాప మీద పడుకున్నాం. ఇట్లాంటి మనిషి పెళ్ళిచూపుల్లో నన్ను మాత్రం ఒక్కసారి చూసి సరేనన్నాడు. అప్పటికి ఇంకా ఈ ఉద్యోగం రాలేదు లెండి.

ఇప్పుడు చెప్పబోయేది టీవీ పెట్టె సంగతి. నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేకుండా, మేడ మీద డిష్షు పెట్టుకుంటే ఆకాశం నుంచి ఉచితంగా చానెళ్ళు దించుకునే పెట్టె. ఊళ్ళో కూరగాయల బండ్లవాళ్ళ ఇళ్ళ మీద కూడా ఉంటుంది. కావాలంటే వెళ్ళి తెచ్చుకోవడమే. మా ఇంట్లో తప్ప.

ఆ పెట్టె కావలసింది మా అత్తగారు సుబ్బలక్ష్మమ్మకు. ఆమెది ముళబాగిలు దగ్గర పల్లె. మా అక్కిపేట ఇంటికి కోడలుగా వచ్చి ముసలామె అయిపోయినా, ఆమె పంచప్రాణాలూ ఇప్పటికీ ఆ పల్లెలో ఉన్న తమ్ముడి మీదే. ఆయన పేరు పిల్లప్ప. పగలు టమాటా పండిస్తాడు. జాతరలప్పుడు వీధినాటకంలో రాణి వేషం కడతాడు. మీసం తీసేసి, చీర కట్టి, జడ వేసుకొని వస్తే కొత్తగా వచ్చిన అల్లుళ్ళు ఎవరీ పిల్ల అని అడుగుతారట. ఇప్పుడు అరవై దాటినా ఆ వేషం ఇంకెవరికీ ఇవ్వడు, ఇస్తే ఊరు ఊరుకోదు.

ఆ వేషం నేర్పింది మా అత్తగారు. నాటకంలో రాణి వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలబడతారు. ముఖం కనపడకముందే తెర మీదుగా రాణి జడ తీసి ముందుకు వేస్తుంది. ఆ జడ ఎంత ఠీవిగా పడితే రాణి అంత గొప్పది. పెరట్లో తీగె మీద ఆరేసిన చీరనే తెరగా పెట్టి, చిన్నప్పుడు తమ్ముడి చేత ఆ జడ వేయించి వేయించి నేర్పిందట. అంతేకాదు, ఆయన ఇప్పటికీ కట్టుకునే సవరం ఈమె జుట్టే. దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు పారేయకుండా ఉండచుట్టి దాచి, సవరం కట్టించి, పెళ్ళై వస్తూ తమ్ముడికిచ్చి వచ్చింది. మా అత్తగారి తల ముగ్గుబుట్ట అయిపోయింది గానీ, ఆ సవరం మాత్రం నల్లగా నిగనిగలాడుతోందట.

అట్లాంటి నాటకాన్ని ఈ ఏడు దూరదర్శన్ వాళ్ళు వచ్చి కెమెరాల్లో పట్టుకెళ్ళారు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు అరగంట వేస్తామని నెల ముందే చెప్పారు. పిల్లప్ప ఫోన్ చేసి చెప్పిన రోజు మా అత్తగారు వీధిలో కనపడ్డ ప్రతివారికీ చెప్పింది. కొరియర్ ఇచ్చిపోయే అబ్బాయికి కూడా చెప్పింది.

"నా జుట్టు టీవీలో వస్తాదే, శశీ," అంది నాతో. "జడేసేది ఒక్కటి చూస్తే సాకు నాకు." సాకంటే వాళ్ళ పల్లెమాటలో చాలు అని.

ఆ పూటే కొడుకుతో కూడా చెప్పింది. "నేను ఊరికి పోతానప్పా. వాళ్ళింట్లోనే కూర్చొని, వాని పక్కన్నే చూస్తా."

మా ఆయన నవ్వాడు. "ఆ మోకాళ్ళు పెట్టుకొని బస్సులో యాడ పోతావమ్మా? నీ రూములోనే, నీ మంచం మీదనే కూర్చొని చూద్దువు గానీ. మంచి పెట్టె ఒకటి చూస్తా. నేను ఉండాను కదా."

ఆ చివరి మాట వినగానే నాకు మిక్సీ గుర్తొచ్చింది.

మామూలుగా అయితే ఇంత కథ అక్కర్లేదు. ఇంతకుముందు మా వీధికంతా ఒకాయన కేబుల్ ఇచ్చేవాడు. అందరూ ఇంటర్నెట్‌కు మారిపోయారని ఆయన కేబుల్ తీసేసి, అదే స్తంభాల మీద ఇంటర్నెట్ తీగెలు కట్టుకొని బాగుపడ్డాడు. అప్పటి నుంచీ మా అత్తగారు తన గదిలోని వీపు లావు టీవీ మీద ముగ్గు కుట్టిన గుడ్డ కప్పి, పైన బొమ్మల కొలువు పెట్టుకుంది. హాల్లో గోడంత టీవీ ఉంది గానీ, అది మా అబ్బాయి సందీప్‌ది. వాడిది బెళ్ళందూరులో ఏదో ఆఫీసు. వారమంతా ఆ టీవీ ముందు కూర్చొని మీటింగులు, ఆదివారమైతే స్నేహితులను పిలిచి క్రికెట్టు.

"అవ్వా, దీనికింత టెన్షన్ ఎందుకు?" అన్నాడు వాడు. "ఎవరో ఒకరు అప్‌లోడ్ చేస్తారు. నెక్స్ట్ డే నా ఫోన్‌లో చూసేయ్. స్కిప్ చేస్తా కూడా చూడొచ్చు."

"ఊరంతా వేడివేడిగా తినేటప్పుడు నాకు మరుసటి దినం చద్దన్నమా, అప్పా?" అంది మా అత్తగారు.

వాడికి అర్థం కాలేదు. వాడు చద్దన్నం ఎప్పుడు తిన్నాడు గనక.

ఇక ఎంపిక మొదలైంది. మొదటి వారం మా ఆయన పెట్టెను చూడలేదు, పెట్టెల గురించి చూశాడు. భోంచేస్తూ ఫోన్‌లో వీడియోలు. హిందీలో ఎవరో ఒకాయన పెట్టెను కత్తిరించి, పేగులు బయటికి తీసి చూపిస్తుంటే ఈయన తల ఊపడం. పాత రకం పెట్టెలో కొన్ని చానెళ్ళు రావు, కొత్త రకంలో అన్నీ వస్తాయి అన్నది అందరికీ ఒక్క ముక్కలో తెలిసే సంగతి. ఆ ముక్కను మా ఆయన వారం పాటు నమిలాడు. తర్వాత డిష్షు చిన్నదా పెద్దదా అన్న మీమాంస. పెద్దదైతే గాలికి ఊగుతుంది, చిన్నదైతే వానకు బొమ్మ పోతుంది. పోనీ మధ్యరకం తీసుకోండి అంటే, మధ్యరకానికి రెండు జబ్బులూ ఉంటాయన్నాడు.

ఇంట్లో అందరూ తలా ఒక కోరిక చేర్చారు. సందీప్ హెచ్‌డీ ఉండాలన్నాడు, వాడు ఆ గదిలోకి తొంగి చూసి ఏడాదైంది. మా ఆయన రికార్డింగ్ ఉండాలన్నాడు. ఏం రికార్డు చేస్తారంటే అది తర్వాత సంగతన్నాడు. మా అత్తగారు మాత్రం "రిమోటుకు అంకెలు పెద్దవిగా ఉంటే సాకప్పా," అంది. ఎవరూ వినలేదు. కావలసినవాళ్ళ మాటకు మా ఇంట్లో ఎప్పుడూ అంతే విలువ.

రెండో ఆదివారం నన్నూ వెంటబెట్టుకొని ఎస్.పి. రోడ్డుకు బయలుదేరాడు. మా ఇంటి నుంచి చిక్కపేట మీదుగా నడిచిపోయేంత దూరమే. కరెంటు సామాన్ల దుకాణాల మధ్య రియాజ్ అనే ఆయనకు చిన్న కొట్టు ఉంది. అతడు మంచి వ్యాపారి. కొనేవాడు ఏమన్నా "హౌదు సార్", అంటే కన్నడంలో అవును సార్, అంటాడు.

మొదట ఒక పెట్టె తీసి ముందు పెట్టాడు. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టి తూచాడు.

"తేలికగా ఉండాదే."

"హౌదు సార్, తేలికే."

"లోపల సరుకు తక్కువనేమో."

"హౌదు సార్, తక్కువ కూడా ఉండొచ్చు."

పాపం, ఆ పెట్టె అక్కడితో పోయింది. రెండోదానికి దీపం మరీ ఎర్రగా ఉందన్నాడు. మూడోది మూత బిగించిన మరలు నాలుగూ ఒకే లోతులో లేవట. నాలుగోది వానకు తట్టుకుంటుందా అని అడిగాడు.

"పెట్టె ఇంట్లో ఉంటాది సార్. వాన డిష్షు మీద కదా పడేది," అన్నాడు రియాజ్. పాపం, ఒక్కసారి హౌదు అనడం మరిచిపోయాడు. మా ఆయనకు ఆ దుకాణం మీదే అనుమానం వచ్చింది. ఆ రోజు మేము కొన్నది రెండు ఏలకుల టీలు.

చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అని ఊరికే అనలేదు. నేను చెప్పడమూ మానేశాను, గిల్లడమూ మానేశాను. మా అత్తగారు మాత్రం రోజూ పొద్దున కాఫీ తాగుతూ "పెట్టె వచ్చెనా, అప్పా?" అని అడిగేది. ఆయన "చూస్తా ఉండానమ్మా" అనేవాడు. అది అబద్ధం కాదు. చూస్తూనే ఉన్నాడు.

చివరికి ఆదివారం ఇంక ఎదుటికొచ్చి నిలబడ్డాక, శుక్రవారం సాయంత్రం బొమ్మసంద్ర నుంచి వస్తూ వస్తూ పెట్టె తెచ్చాడు. రియాజ్ దుకాణంలోనే అన్నిటికంటే పెద్దది, బరువైనది, రికార్డింగ్ ఉన్నది, హెచ్‌డీది. దానికి మరలు కూడా అన్నీ ఒకే లోతులో ఉన్నాయి. అట్ట విప్పి, టీవీ మీది బొమ్మలన్నీ దించి, ముగ్గు గుడ్డ తీసి, వెనక్కి వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

పాత టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు, మూడు రంగుల చిల్లులున్నాయి. కొత్త పెట్టెకు అవేవీ లేవు. గోడ టీవీలకు పెట్టే చప్పిడి చిల్లు ఒక్కటే ఉంది. వరుసగా పెట్టెలన్నీ పరీక్షించిన మనిషి, అది ఏ టీవీకి తగిలించాలో ఆ టీవీని మాత్రం ఒక్కసారి చూడలేదు.

"కన్వర్టర్ అని ఒకటుంటుంది, డాడీ," అన్నాడు సందీప్ హాల్లోంచి.

"మంచి కన్వర్టర్ చూడాల," అన్నాడు మా ఆయన. ఫోన్ తీశాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. మా అత్తగారు మంచం మీద నుంచి నా వైపు చూసింది. 

శనివారం పొద్దున్నే ఆ మహా పెట్టెను సంచిలో పెట్టుకొని, మార్చుకు రావడానికి నేనే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళాను. "మూడు రంగుల తీగెలు పట్టాల. రిమోటుకు అంకెలు పెద్దవిగా ఉండాల. అంతే," అన్నాను.

రియాజ్ వంగి కింది అర నుంచి ఒక పెట్టె తీశాడు. చేతిలోకి తీసుకున్నాను. తేలికగా ఉంది. మొదటి రోజు మొదటగా చూపించి, లోపల సరుకు తక్కువని మా ఆయన వద్దన్న పెట్టె. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఎలుక మొదటి నుంచీ కొండ మీదే కూర్చొని మమ్మల్ని చూస్తూ ఉండింది.

సాయంత్రం రియాజే వచ్చి డిష్షు బిగించాడు. మేడ మీద ఎటు తిప్పాలి అన్న దగ్గర మా ఆయన మళ్ళీ లేచాడు. ఈశాన్యం చూస్తే ఇంటికి మంచిదని ఎవరో చెప్పారట. ఉపగ్రహం ఆగ్నేయంలో ఉందన్నాడు రియాజ్. మా ఆయన కాసేపు ఆలోచించి, కరెంటంటే అగ్నే కాబట్టి ఆగ్నేయమే సరైన దిక్కని ఒప్పుకున్నాడు. ఉపగ్రహాన్ని అక్కడ పెట్టినవాళ్ళు కూడా వాస్తు చూసే పెట్టి ఉంటారని ఆయన అభిప్రాయం.

బొమ్మ వచ్చింది. వరుసగా చానెళ్ళు వచ్చాయి. ఒకదాంట్లో వంట, ఒకదాంట్లో పాఠాలు, ఒకదాంట్లో ఏదో సినిమా. కావలసిన చానెల్ అద్దంలా వచ్చింది. రిమోట్ అంకెలు నల్లద్రాక్షల్లా ఉన్నాయి. మా అత్తగారు మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది.

"చూడమ్మా, ఎంత బాగుండాదో!" అన్నాడు మా ఆయన.

"పూజ కాకుండా చూడకూడదప్పా. రేపు పూజ చేసే చూస్తా."

మీకు ఇది వింతగా ఉండొచ్చు, మాకు కాదు. మా ఇంట్లోకి ఏ యంత్రం వచ్చినా పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం చూపించి, నిమ్మకాయ కోస్తే గానీ అది పనిచేయడానికి అర్హత రాదు. మిక్సీకి చేశాం. స్కూటరుకు చేశాం. సందీప్ ఆఫీసువాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌కు బొట్టు పెడితే వాడు నెల రోజులు తుడుస్తూనే ఉన్నాడు. బెంగుళూరులో ఆయుధపూజ నాడు చూడండి, క్రేనుకు కూడా అరటి పిలకలు కట్టి ఉంటాయి.

ఆదివారం పొద్దున మా అత్తగారు తలంటుకొని, పసుపు అంచు చీర కట్టుకుంది. టీవీకి బొట్టు పెట్టింది, పెట్టెకు పెట్టింది, రిమోటుకు కూడా చిన్న చుక్క పెట్టింది. మేడ మెట్లు ఎక్కలేదు కాబట్టి డిష్షు పూజ కొడుక్కి అప్పగించింది. చేమంతి మాల, పసుపు గిన్నె, కుంకుమ, నిమ్మకాయ, కొత్త రవిక గుడ్డ అన్నీ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది.

"ముఖానికి బాగా పసుపు పూసి బొట్టు పెట్టప్పా. పక్కింటి అక్కయమ్మ కన్ను చెడ్డది, దృష్టి తగలకూడదు."

మా ఆయన పళ్ళెం పట్టుకొని మెట్ల మీదే ఆగాడు. "ముఖమంటే ఏదమ్మా? పెద్ద పళ్ళెమా, దాని ముందర కొమ్మ చివర ఉండే చిన్న తలకాయనా?"

"నాకేం తెలుసు? దానికి కండ్లు యాడుంటే అదే ముఖం."

ఆయన దీని మీద కూడా పరిశోధన చేశాడు. ఆకాశం నుంచి వచ్చేదంతా పళ్ళెం మీద పడి, అక్కడి నుంచి ఆ చిన్న తలకాయలోకే పోతుంది కాబట్టి ముఖం అదేనని తేల్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఎంపికల్లో నూటికి నూరుపాళ్ళు సరైనది అదొక్కటే.

సాయంత్రానికి గది నిండింది. అక్కయమ్మ అందరికంటే ముందొచ్చి మంచి కుర్చీలో కూర్చుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కింద చాప మీద. నేను అందరికీ కారాబూందీ పంచాను. మా అత్తగారు రిమోట్ ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులూ దాని మీద పెట్టుకొని, పెళ్ళికూతురిలా కూర్చుంది. నాలుగు కావస్తుండగా మా ఆయన టీవీ పెట్టాడు.

నీలం తెర. దాని మధ్య 'సిగ్నల్ లేదు' అని ఇంగ్లీషులో ఒక చిన్న డబ్బా, ఈ మూల నుంచి ఆ మూలకు పొర్లుతోంది.

"ఇదేనా మీ పిల్లప్ప?" అంది అక్కయమ్మ.

మా ఆయన ముందుకొచ్చాడు. తీగెలు పీకి మళ్ళీ పెట్టాడు. పెట్టె ఆపి మళ్ళీ వేశాడు. చానెళ్ళన్నీ మళ్ళీ వెతకమన్నాడు. అది నింపాదిగా పావుగంట వెతికి సున్నా చానెళ్ళు దొరికాయని చెప్పింది. "తేలికగా ఉండాదని నేను మొదులే చెప్పలేదా?" అన్నాడు నా వైపు తిరిగి. హాల్లో సందీప్ స్నేహితులు ఎవరో సిక్స్ కొట్టారని కేకలు పెట్టారు. మా అత్తగారు తెర మీద పొర్లే ఆ డబ్బాను కళ్ళార్పకుండా చూస్తోంది, దాని వెనకే ఎక్కడో తమ్ముడు ఉన్నట్టు.

రియాజ్‌కు ఫోన్ చేశాడు. అతడు ఎవరిదో పెళ్ళిలో ఉన్నాడు, వెనక బ్యాండు వినిపిస్తోంది.

"నిన్న బాగుండె కదా సార్! నిన్నటికీ ఈపొద్దుకీ ఏమి మార్చినారు?"

"ఏమీ మార్చలేదు," అన్నాడు మా ఆయన గట్టిగా.

"డిష్షును ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు."

అది ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. పూజ చేయడం మార్పు కిందికి రాదు కదా. దేవుడి పనికి ముట్టుకోవడం ముట్టుకోవడమూ కాదు. నేను కూడా ఆ క్షణం వరకూ అట్లాగే అనుకున్నాను. కానీ "ముట్టుకోలేదు" అంటూ ఊపిన ఆయన చెయ్యి చూశాను. గోళ్ళ సందుల్లో పసుపు.

కారాబూందీ పళ్ళెం అక్కయమ్మ ఒళ్ళో పడేసి మేడ మీదికి పరుగెత్తాను.

మా ఆయన ఏ పనీ సగం చేయడు. డిష్షు పెళ్ళిపీటల మీది కూతురిలా ఉంది. కొమ్మ చివరి చిన్న తలకాయకు, ముఖమంతా నిండేట్టు, వేలు మందాన తడి పసుపు మెత్తి ఉంది. దాని మీద రూపాయంత కుంకుమ బొట్టు. దాని చుట్టూ రెండు మడతలుగా తడి చేమంతి మాల. పైన ముసుగులాగా రవిక గుడ్డ, గాలికి ఎగరకుండా దారంతో కట్టి మరీ. కింద నిమ్మకాయ. ఆకాశంలో నుంచి దేవుడే దిగొచ్చినా లోపలికి పోవడానికి సందు లేదు.

దారం తెంపాను. మాల పీకేశాను. కొంగుతో పసుపు తుడిచాను. అది తడిసి ఇంకా పట్టుకుంది, తీగె మీద ఆరేసిన సందీప్ ఆఫీసు చొక్కా లాగి దాంతో తుడిచాను. నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది. కింద నుంచి అరుపు వినిపించింది.

"వచ్చె! వచ్చె!"

కిందికి దిగొచ్చేసరికి తెర మీద రంగులు కదులుతున్నాయి. వీధినాటకమే. అందరూ వరుసగా నిలబడ్డారు, రాజు, మంత్రి, గదలు పట్టుకున్న భటులు. చివర్లో హారతి. మంగళం పాడుతున్నారు. ఒక అంచున చీర కట్టుకొని రాణి నిలబడి ఉంది, పక్కవాడి కిరీటం సగం ముఖానికి అడ్డం. అట్లా రెండు నిమిషాలు కూడా కాలేదు. తర్వాత ఒక అమ్మాయి వచ్చి చేతులు జోడించింది. ఆ తర్వాత గొర్రెలకు వచ్చే కాలిజబ్బుల గురించి ఒక డాక్టరు మాట్లాడటం మొదలుపెట్టాడు.

అక్కయమ్మ కూడా మాట్లాడలేదు, అదొక్కటి ఆమె చేసిన పుణ్యం. మా అత్తగారు గొర్రెల డాక్టరునే చూస్తోంది. నేను పసుపు చేతులతో గుమ్మంలో నిలబడి ఆమె ముఖం చూడలేక ఆ డాక్టరునే చూశాను.

"బొమ్మ క్లియర్‌గా ఉండాది కదా," అన్నాడు మా ఆయన మెల్లగా. ఆయన్ని అక్కడే ఏమన్నా చేసేదాన్ని, కానీ అంతలో ఫోన్ మోగింది.

పిల్లప్ప. మా అత్తగారు ఫోన్ చెవికి పెట్టుకోదు, ఎప్పుడూ స్పీకరు వేసి అరచేతిలో పెట్టుకొని మాట్లాడుతుంది. ఇవతల ఏమన్నా, అవతల ఏమన్నా వీధికంతా తెలుస్తుంది.

"అక్కా! చూస్తివా?" ఆ గొంతులో ఇంకా నాటకం ఉంది.

ఆమె ఒక్కసారి మా అందరినీ చూసింది. కొడుకును కొంచెం ఎక్కువసేపు చూసింది.

"చూస్తినప్పా. మొదులు నుంచీ చూస్తిని."

"ఎట్ల ఉండెక్కా?"

"ఏమి చెప్పేదప్పా! తెర పట్టినారు. జనమంతా గమ్మునైపోయిరి. నువ్వు తొందరపడి వేయకుండా ఒక్క గడియ ఆగితివి చూడు, ఆగాల అని చెప్తా ఉంటినే, అట్లే ఆగితివి. ఆ మీదట జడేస్తివి, ఎడం పక్క నుంచి, కుచ్చులు ముందర పడేట్ల. నేనే ఆడ నిలబడినట్లుండె."

అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. పిల్లప్ప భార్య నాగమ్మ.

"అదేంది? జడేసేది టైము చాల్లేదని టీవీవాళ్ళు తీసేసినారు కదా! వొదిన యాడ చూసె..."

చప్పున ఆ గొంతు ఆగిపోయింది. ఎవరో ఫోన్ మీద చెయ్యి పెట్టినట్టు గరగర. మా గదిలో గొర్రెల డాక్టరు ఒక్కడే మాట్లాడుతున్నాడు.

తర్వాత పిల్లప్ప అన్నాడు. గొంతు తగ్గింది.

"అవునక్కా. నువ్వు నేర్పినట్లే వేస్తి."

"కుచ్చులు బాగా కనపడె, అప్పా."

"నీ సవరమే కదక్కా."

ఫోన్ పెట్టేసి ఆమె రిమోట్ అందుకుంది. నల్లద్రాక్షల్లాంటి అంకెలను తడిమి, ఆపే బటను వెతికి, టీవీ ఆపేసింది. వచ్చినవాళ్ళు ఒకరొకరే లేచి వెళ్ళారు. మా ఆయన మంచం అంచున కూర్చొని గోళ్ళలో పసుపు తీసుకుంటున్నాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు. ఆయన చెడ్డవాడు కాడు, అదే తంటా. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు.

"వానికి తెలిసిపోయిందే, శశీ," అంది మా అత్తగారు.

"ఏమత్తా?"

"నేను చూడలేదని. తెలిసీ, అవునక్కా అనె చూడు." పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పెద్దోడైపోయినాడు నా తమ్ముడు."

ఆమె పక్కన కూర్చొని పసుపు చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మంగళవారం ఊర్లో గంగమ్మ జాతర," అంది ఆమె, కొడుకు వైపు తిరిగి, మొదటి రోజు చెప్పినట్టే. "ఆట ఉండాది. జడ ఎవరూ తీసేయరు ఆడ. నేను పోతానప్పా."

మా ఆయన తలెత్తాడు. ఈసారి మోకాళ్ళ మాట ఎత్తలేదు. జేబులో నుంచి ఫోన్ తీశాడు, కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"పోదువులేమ్మా. ముళబాగిలుకు ఏ బస్సు మంచిదో చూస్తా. సీట్లు ఎట్లుంటాయో, కుదుపు ఎంతుంటాదో... నేను ఉండాను కదా."

ఆ మాట పూర్తికాకముందే నేను లేచి, అటక మీద నుంచి అత్తగారి సంచి దించి, దుమ్ము దులిపాను.

"ముందర వచ్చేదే మంచి బస్సు," అన్నాను. "నేను పిలుచుకొని పోతా."